అటు పక్క ఉన్నదెవరు?

గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కే ముందు మనమందరం చేసే పని ఒకటుంది. లోపల ఎంతమంది కూర్చున్నారో ఓ చూపు చూస్తాం. ఖాళీ ఆటో ఎక్కితే అది నిండేదాకా ఎండలో కూర్చోవాలి. ముగ్గురు నలుగురు కనిపిస్తే "ఇగ కదుల్తది" అనుకుని ఎక్కేస్తాం. ఈ సంగతి డ్రైవర్లకూ తెలుసు. అందుకే ఏ ఊరి అడ్డాలోనైనా కొందరు తమ దోస్తులనే ఇద్దరిని ముందు కూర్చోబెడతారు. బండి నిండుతున్నదంటే ఆ ఇద్దరూ మెల్లగా దిగి చాయ్ హోటల్ వైపు నడుస్తారు.

దీన్ని మోసం అనలేం. ఎవరో ఒకరు ముందు ఎక్కకపోతే బండి కదలదు. పైగా పోయేది మహా అయితే పది నిమిషాలు.

ఇప్పుడు ఫోన్‌లోకి రండి. మ్యాచ్‌కు ఇంకా మూడు రోజుల టైముంది. టాస్ పడలేదు, టీమ్ తెలియదు. అయినా బెట్టింగ్ ఎక్స్ఛేంజ్ స్క్రీన్ మీద ఎడమ పక్క నీలం గళ్లలో, కుడి పక్క గులాబీ గళ్లలో రేట్లు రెడీగా ఉంటాయి. ప్రతి రేటు కింద ఇంత డబ్బు సిద్ధం అని ఒక అంకె. ఇంత తొందరగా వచ్చి అంత డబ్బు పెట్టి కూర్చున్నదెవరు? మనలాంటి పోరగాళ్లేనా? లేక ఆటోలో ముందు కూర్చున్న ఆ ఇద్దరా?

ఈ వారం ముచ్చట ఆ మొదటి పైసల గురించే.

మట్కా చీటీ నుంచి ఎక్స్ఛేంజ్ దాకా

మన బొగ్గుబాయిల ఏరియాలో పెద్దవాళ్లను అడగండి, మట్కా ఎలా నడిచేదో చెబుతారు. నంబర్ చెప్పాలి, చీటీ తీసుకోవాలి, ఫలితం కోసం చూడాలి. అందులో ఒక్క విషయం మాత్రం అందరికీ తెలుసు. మనం ఆడేది మట్కా నడిపేవాడి మీద. మనం ఓడితే వాడికి లాభం, మనం గెలిస్తే వాడికి నష్టం. ఎదురుగా ఉన్నదెవరో దాపరికం లేదు.

2000లో లండన్‌లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే అనే ఇద్దరు బెట్‌ఫెయిర్ మొదలుపెట్టి ఈ లెక్క మార్చారు. వాళ్లు చెప్పింది సింపుల్. పందెం కాసేవాళ్లు ఒకరి మీద ఒకరు కాసుకుంటారు, మేం మధ్యలో కూర్చుని గెలిచినవాడి లాభంలో కొంచెం కమీషన్ తీసుకుంటాం, ఎవరు గెలిచినా మాకు ఒకటే. షేర్ మార్కెట్ పద్ధతినే పందేలకు తెచ్చారన్నమాట. ప్రచారం కోసం "బుక్‌మేకర్ చచ్చిపోయాడు" అంటూ లండన్ వీధుల్లో ఉత్తుత్తి శవయాత్ర కూడా తీశారు.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఇండియా గెలుపు రేటు 1.80 అనుకోండి. మీరు 1000 పెట్టారు. ఇండియా గెలిస్తే మీకు 1800 వస్తాయి, అంటే లాభం 800. ఆ 800 ఎక్కడి నుంచి వస్తాయి? "ఇండియా గెలవదు" అని అవతల ఎవరో ఒప్పుకోవాలి. ఇండియా గెలిస్తే అతను 800 కడతాడు, గెలవకపోతే మీ 1000 అతనివి. మీ పక్కను బ్యాక్ అంటారు, అతని పక్కను లే అంటారు. మన దగ్గర వాట్సాప్‌లో తిరిగే సైట్లలో లగాయి, ఖాయి అనేది ఇదే.

కంపెనీ చెయ్యి ఎక్కడా తడవలేదు. వినడానికి ఎంత బాగుందో కదా. కానీ ఒక చిక్కుంది.

ఖాళీ అంగడికి ఎవరొస్తారు?

మీరు కొత్త ఎక్స్ఛేంజ్ పెట్టారనుకోండి. మొదటి రోజు ఒకడొచ్చి 5000 పెట్టాలనుకుంటాడు. అవతలి పక్క ఎవరూ లేరు. అరగంట చూసి వెళ్లిపోతాడు. కాసేపటికి రెండోవాడు వస్తాడు. వాడికీ ఎవరూ కనిపించరు, వాడూ పోతాడు. ఇద్దరూ ఒకే టైముకు వచ్చి ఉంటే బేరం కుదిరేది. జనం లేక డబ్బు లేదు, డబ్బు లేక జనం రారు. కొత్త ఎక్స్ఛేంజ్‌లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే.

అడిగిన వెంటనే, అడిగినంత, అటు కొనడానికీ ఇటు అమ్మడానికీ సిద్ధంగా ఉన్న డబ్బును లిక్విడిటీ అంటారు. పేరు పెద్దదే గానీ ఆ సంగతి ఖనిలో మనకు కొత్తది కాదు. గిరిగిరి నడిపేవాళ్లు అమ్మేది అదే. పొద్దున అడిగితే సాయంత్రానికి చేతిలో పైసలు పెడతారు. బ్యాంకు పది కాగితాలు అడుగుతుంది, ఇతను ఒక్కటీ అడగడు. ఉదాహరణకు 9000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేశాడనుకోండి. చూడటానికి వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు వెనక్కి పోతూ ఉంటుంది కాబట్టి, ఏడాది లెక్కన చూస్తే వడ్డీ 75 శాతం దాటుతుంది. రెడీగా పైసలు పెట్టుకుని కూర్చున్నవాడు ఊరికే కూర్చోడు. సిద్ధంగా ఉన్నందుకు ధర ఉంటుంది, ఆ ధర అవసరం ఉన్నవాడే కడతాడు.

ఎక్స్ఛేంజ్‌లో మొదటి డబ్బుకూ అదే సూత్రం.

మొదటి పైసలు వచ్చే ఐదు దారులు

మొదటిది, సొంత మనిషి. ఎక్స్ఛేంజ్ తనదే అయిన మరో కంపెనీతో రెండు పక్కలా రేట్లు పెట్టిస్తుంది. అమెరికాలో 2021లో మొదలైన కల్షీ అనే ఎక్స్ఛేంజ్ ఉంది. ఎన్నికల నుంచి వాతావరణం దాకా అవుతుందా కాదా అని అక్కడ కొంటారు, అమ్ముతారు. ఆ మార్కెట్లలో రేట్లు పెట్టేవాళ్లలో కల్షీ ట్రేడింగ్ అనే దాని అనుబంధ సంస్థ కూడా ఒకటి.

రెండోది, పెద్ద చేయి. బయట నుంచి బాగా డబ్బున్న, లెక్కల్లో ఆరితేరిన ట్రేడింగ్ కంపెనీని పిలుస్తారు. కల్షీలోకే 2024 ఏప్రిల్‌లో సస్క్వెహానా అనే భారీ సంస్థ ఇలా వచ్చింది. వీళ్లను మార్కెట్ మేకర్లు అంటారు. రోజంతా రెండు పక్కలా రేటు పెట్టి ఉంచడం వాళ్ల పని. బదులుగా ఫీజుల్లో రాయితీలు, ఇంకొన్ని వెసులుబాట్లు ఉంటాయి.

మూడోది, బహుమతి. పాలీమార్కెట్ అనే మరో సంస్థ, నడుస్తున్న రేటుకు దగ్గరగా ఆర్డర్లు పెట్టి ఉంచినవాళ్లకు రోజువారీగా రివార్డులు ఇస్తుంది. బేరం కుదరకపోయినా సరే, తక్కెడ పట్టుకుని నిలబడ్డందుకే కూలి.

నాలుగోది, ఫార్ములా. రాబిన్ హాన్సన్ అనే అమెరికన్ ఎకనామిస్ట్ ఒక లెక్క తయారుచేశాడు. మనిషి అవసరం లేకుండా ఆ ఫార్ములానే ఎవరికైనా రేటు చెబుతుంది. నడిపేవాడికి నష్టం రావచ్చు, కానీ అది ఎంతకు మించదో ముందే తెలుస్తుంది. జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి ఆ సొమ్మును ఖర్చు కింద రాసుకుంటాడు.

ఐదోది, పక్క దుకాణం రేటు. పెద్ద ఎక్స్ఛేంజ్‌లో నడుస్తున్న రేటును కంప్యూటర్ ప్రోగ్రామ్ చూసి, కొంచెం అటూ ఇటూ చేసి కొత్తదాంట్లో పెడుతుంది. పెద్దపల్లి మార్కెట్‌లో ధర కనుక్కుని ఖనిలో తక్కెడ పెట్టినట్టు. ఇక్కడ ఎవరైనా కొంటే, అక్కడ దానికి ఎదురు పందెం వేసి రిస్క్ దింపేసుకుంటుంది.

ఈ ఐదింట్లో ఏదీ దొంగతనం కాదు. అన్నీ బయటికి తెలిసిన పద్ధతులే. కానీ వీటన్నిటిలోనూ కామన్‌గా ఒకటుంది. స్క్రీన్ మీద మీకు ముందుగా కనిపించిన డబ్బు ఇంకో అభిమానిది కాదు. ఆ డబ్బు పెట్టినవాడికి ఇండియా గెలిచినా ఒకటే, ఓడినా ఒకటే. అతని కన్నంతా రేట్ల మధ్య సందు మీదే.

ఆ సందు ఖరీదు ఎంత?

నాణెం ఎగరేద్దాం. బొమ్మా బొరుసా, సగం సగం అవకాశం. ఇద్దరు దోస్తులు చెరో 1000 పెట్టుకుంటే గెలిచినవాడికి 2000. ఇద్దరినీ కలిపి చూస్తే ఒక్క పైసా బయటికి పోలేదు. న్యాయంగా రేటు 2.00.

ఇప్పుడు మధ్యలో మార్కెట్ మేకర్ వచ్చాడు. బొమ్మ కావాలన్నవాడికి 1.90 ఇస్తాడు, బొరుసు కావాలన్నవాడికీ 1.90 ఇస్తాడు. ఇద్దరి దగ్గరా కలిపి 2000 తీసుకున్నాడు. ఏది పడినా గెలిచినవాడికి 1900 ఇస్తాడు. మిగిలిన 100 అతనిది. ఆ తర్వాత ఎక్స్ఛేంజ్ వస్తుంది. గెలిచినవాడి లాభం 900లో 5 శాతం కమీషన్ అనుకుంటే 45. మొత్తం 145 పోయింది. ఓడినవాడు 1000 పోగొట్టుకున్నాడు, గెలిచినవాడికి చేతికొచ్చింది 855. పది ఆటలు ఆడితే ఆ ఇద్దరు దోస్తుల జేబుల్లోంచి 1450 బయటికి పోతాయి. ఎవరెన్ని గెలిచారన్నదానితో దీనికి సంబంధం లేదు.

తొందరగా వెళ్లినవాడికి ఈ ధర ఇంకా ఎక్కువ. మ్యాచ్‌కు మూడు రోజుల ముందు మార్కెట్ మేకర్‌కు కూడా భయం ఉంటుంది. రేపు ప్రధాన బౌలర్‌కు గాయమైందని వార్త రావచ్చు. అది తనకంటే ముందు తెలిసినవాడెవడో వచ్చి తన పాత రేటును కొట్టేసి పోవచ్చు. అందుకే మొదట్లో అతను రేట్ల మధ్య సందు ఎక్కువ ఉంచుతాడు, డబ్బు తక్కువ పెడతాడు. మ్యాచ్ దగ్గరపడి జనం పెరిగే కొద్దీ సందు తగ్గుతుంది. "ముందే వేస్తే మంచి రేటు దొరుకుతుంది" అని మన అడ్డాల మీద వినిపించే సలహా చాలాసార్లు తలకిందులు. సమాచారం ఉన్నవాడికి ముందు వెళ్లడం లాభం. అది లేనివాడు ముందు వెళ్తే, సందు ఖర్చు ఎక్కువ కట్టి వస్తాడు.

మరి నిలకడగా గెలిచేవాళ్లే లేరా? ఉన్నారు, అతి కొద్దిమంది. వాళ్ల కోసమే బెట్‌ఫెయిర్ 2008లో ప్రీమియం చార్జ్ అని అదనపు ఫీజు తెచ్చింది. 2011లో అందరికంటే ఎక్కువ లాభం తీసేవాళ్ల మీద దాన్ని 60 శాతం దాకా పెంచింది. ఎవరు గెలిచినా మాకొకటే అన్న కంపెనీ, ఎప్పుడూ గెలిచేవాడిని చూసి ఆగింది. వాళ్లు అలాగే గెలుస్తూ పోతే మిగతా జనం పైసలు తొందరగా అయిపోతాయి, అంగడి ఖాళీ అవుతుంది. నడిపేవాడికి అందరికంటే ముఖ్యమైన కస్టమర్ మెల్లగా ఓడిపోయేవాడు.

మన ఫోన్లలోకి వచ్చింది ఎక్స్ఛేంజ్ కాదు

ఇప్పటిదాకా చెప్పింది లైసెన్సు ఉండి, కంపెనీ పేరుండి, ఎదుటివాడెవడో కనీసం కాగితం మీద తెలిసే చోటు గురించి. మన కాలనీల్లో "అన్నా, ఐడీ ఉన్నదా?" అంటే వచ్చేది వేరే సరుకు. స్క్రీన్ చూస్తే అచ్చం అదే. అదే నీలం, అదే గులాబీ, అవే అంకెలు. పేరు చివర ఎక్స్ఛేంజ్ అని కూడా ఉంటుంది. కానీ వెనకాల ఉన్నది వేరు.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ మహాదేవ్ యాప్. దాని మూలాలు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉన్నాయి. భిలాయి మనలాంటి ఊరే. స్టీల్ ప్లాంట్, టౌన్‌షిప్, క్వార్టర్లు, షిఫ్టులు, నెల తిరిగేసరికి జీతాలు. 2023లో ఈడీ చెప్పినదాని ప్రకారం ఆ యాప్‌ను యూఏఈ నుంచి నడిపారు. తెలిసినవాళ్లకు ప్యానెళ్లు, బ్రాంచీలు అని ఫ్రాంచైజీల్లా ఇచ్చి 70-30 లెక్కన లాభం పంచుకున్నారు. 2023 నవంబర్‌లో కేంద్రం దీనితో కలిపి 22 యాప్‌లను, సైట్లను బ్లాక్ చేయమంది.

ఆ 70-30 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నిజమైన ఎక్స్ఛేంజ్ అయితే పంచుకోవడానికి ఉండేది కమీషనే. ఇక్కడ పంచుకునేది ప్యానెల్ లాభం. అంటే ఆడేవాళ్లు పోగొట్టుకున్న డబ్బు. ఎవరికి 70, ఎవరికి 30 అన్నది తర్వాతి సంగతి. ఐడీలో ఎడమ పక్క మీరు, కుడి పక్క ప్యానెల్. మార్కెట్ మేకర్ లేడు, బహుమతి లేదు, ఫార్ములా లేదు. మట్కా నడిపేవాడే ఎక్స్ఛేంజ్ అంగీ తొడుక్కుని కూర్చున్నాడు.

దీన్ని మీరే పట్టుకోగల చోటు ఒకటుంది. సెషన్ బెట్ చూడండి. మొదటి ఆరు ఓవర్లకు 47-48 అని ఉంటుంది. ఎస్ అన్నవాడు గెలవాలంటే 48 లేదా ఎక్కువ రావాలి. నో అన్నవాడు గెలవాలంటే 46 లేదా తక్కువ రావాలి. సరిగ్గా 47 దగ్గర ఆగితే? ఇద్దరూ ఓడిపోతారు. ఇద్దరూ ఓడిన ఆట డబ్బు ఎక్కడికి పోయింది? ఒకరి మీద ఒకరు ఆడే ఆటలో అలా జరగడానికే వీల్లేదు. ఎవరో ఒకరు గెలవాలి, లేదా ఇద్దరి డబ్బూ వెనక్కి రావాలి. ఆ 47 అనే గడిలో కూర్చుని ఉన్నవాడే అటు పక్కవాడు.

దోస్తు తీసుకునే లాభాల వాటా

మన దగ్గర లాభాల వాటా అంటే ఒకటే అర్థం. దసరాకు ముందు సింగరేణి ప్రకటించేది. 2024-25 సంవత్సరానికి సంస్థ నికర లాభం 2,360 కోట్లలో 34 శాతం కార్మికులకు ఇస్తామన్నారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. కాంట్రాక్ట్ కార్మికులకు 5,500. ఈ అంకె రాగానే చౌరస్తా నుంచి లక్ష్మీనగర్ దాకా బంగారం షాపులు, బైక్ షోరూములు ఎలా కళకళలాడతాయో చెప్పక్కర్లేదు. ఆ డబ్బు వెనక బాయి దిగిన మస్టర్లున్నాయి, ఓపెన్‌కాస్ట్ దుమ్ము ఉంది, నైట్ షిఫ్టులున్నాయి.

ఐడీ వ్యాపారంలోనూ లాభాల వాటా ఉంది. అది మీ కాలనీ ఏజెంట్ తీసుకుంటాడు. ఆ ఏజెంట్ ఎవరు? బయటివాడు కాదు. మీతో క్రికెట్ ఆడినవాడు, మీ ఇంటి పెళ్లిలో వడ్డించినవాడు. "టెన్షన్ తీస్కోకు తమ్మీ, ఐదు వేలు కొడితే ఐదొందలు బోనస్" అంటాడు. మొదటిసారి గెలిస్తే పైసలు గంటలో పంపిస్తాడు, ఎందుకంటే ఆ నమ్మకమే అతని పెట్టుబడి. లండన్‌లో కంపెనీ కోట్లు ఖర్చుపెట్టి కొనుక్కునే మొదటి లిక్విడిటీని ఇక్కడ స్నేహంతో కొంటారు. మీరు ఓడిన ప్రతి వెయ్యిలో అతనికి కొంత వస్తుంది. మీరు గెలిచిన రోజు అతని ముఖం చూడండి, అర్థమవుతుంది.

బాయిలో పక్కవాడి మీద భరోసాతోనే పని చేస్తారు. పైకప్పు శబ్దం చేస్తే ముందు అరిచేది పక్కవాడే. తరతరాలుగా ఆ భరోసా మీద బతికిన ఊళ్లో, పక్కవాడు ఓడిపోతేనే నాకు పైసలు అనే ఏర్పాటు నడవడం నాకు చట్టం కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. నాన్న అనారోగ్యంతో దిగిపోతే కారుణ్య నియామకంలో ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలున్నారు. ఆ జీతం ఒక్కడిది కాదు. దాంట్లో నాన్న మందులున్నాయి, చెల్లె పెళ్లి ఉంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. "నీ బ్యాంకు అకౌంట్ వాడుకుంటాం, నెలకు ఇంత ఇస్తాం" అని అడుగుతారు. ఆడేవాళ్ల యూపీఐ డబ్బు అందులోంచి తిరుగుతుంది. రేపు పోలీసులు తీగ లాగితే ముందు ఫ్రీజ్ అయ్యేది మీ అకౌంట్, ముందు పిలిచేది మిమ్మల్ని. జీతం పడే అకౌంటే అయితే ఇల్లు గడవడమే ఆగిపోతుంది.

షేర్ మార్కెట్‌లోనూ అడగాల్సిందే

"మరి షేర్ మార్కెట్‌లో మార్కెట్ మేకర్లు లేరా?" అని అడగొచ్చు. ఉన్నారు. చిన్న కంపెనీలు ఎస్‌ఎంఈ ఐపీఓకి వస్తే, కనీసం మూడేళ్లు మార్కెట్ మేకర్ ఉండాలని సెబీ రూలే పెట్టింది. తేడా ఏంటంటే, ఆ మార్కెట్ మేకర్ పేరు ఆఫర్ కాగితాల్లోనే ఉంటుంది. మీరు చదవొచ్చు, ఫిర్యాదు చేయొచ్చు.

అంత తెలిసిన చోట కూడా లెక్క ఎలా తేలిందో చూడండి. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ మీద సెబీ 2024 సెప్టెంబర్‌లో ఒక అధ్యయనం ఇచ్చింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో, కోటి మందికి పైగా ఉన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరి నష్టం ఖర్చులతో కలిపి సుమారు 2 లక్షలు. మరి అటు పక్క ఎవరున్నారు? 2023-24లో ప్రొప్రైటరీ ట్రేడర్లు దాదాపు 33,000 కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లు దాదాపు 28,000 కోట్లు లాభపడ్డారు. ఆ లాభాల్లో నూటికి 96-97 వంతులు కంప్యూటర్ అల్గారిథమ్‌లతో వచ్చినవే.

సగటు నష్టం 2 లక్షలు, సింగరేణి సగటు లాభాల వాటా 1,95,610. రెండు అంకెలకూ సంబంధం లేదు, కానీ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె గుబేలుమంటుంది. చట్టం కాపలా ఉన్న చోటే ఇలా ఉంటే, పేరు లేని ప్యానెల్ దగ్గర మీ అవకాశం ఎంతో లెక్కేసుకోండి.

చట్టం ఏమంటోంది

తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని, డబ్బుతో ఆడే రమ్మీతో సహా, దాని కిందకు తెచ్చింది. ఆ తర్వాత అవునా కాదా అని పది రూపాయల లెక్కన అమ్మే ఒపీనియన్ ట్రేడింగ్ యాప్‌లు వచ్చాయి. అవి తమ పరిధిలో లేవని, అక్కడ ఇన్వెస్టర్‌కు ఏ రక్షణా ఉండదని 2025 ఏప్రిల్‌లో సెబీ హెచ్చరించింది. అదే ఏడాది మార్చిలో మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై 25 మంది సినీ తారలు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. నైపుణ్యమా, అదృష్టమా అనే వాదనకు ఇక చోటు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధమే. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు లావాదేవీలకు సాయపడినవాళ్లకూ శిక్ష ఉంది. ఆడినవాడికి కేంద్ర చట్టంలో శిక్ష లేదు గానీ, రాష్ట్ర చట్టం కింద చిక్కులు రావచ్చు. కాలనీ ఏజెంటుకైతే రెండు పక్కలా ముప్పే.

చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు రియల్ మనీ ఆటలు ఆపేశాయి. వాట్సాప్ ఐడీలు మాత్రం పేరు మార్చుకుని తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ముందునుంచీ లైసెన్సు లేదు, పోగొట్టుకోవడానికి పేరూ లేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకు రెండు మాటలు. మోసపోయి డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. అప్పులతో తల తిరిగి ఏం చేయాలో తోచకపోతే 14416కు చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ నంబర్, ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు. పోయింది తిరిగి రాబట్టడానికి ఇంకో ఐదు వేలు కొట్టకండి. గిరిగిరి తెచ్చి అసలే కొట్టకండి. ఒకచోట సిద్ధంగా ఉన్న డబ్బుకు ధర కట్టి, ఆ డబ్బును సిద్ధంగా ఉన్న ఇంకొకడి చేతిలో పెట్టడం అది.

ఇక ఆడని మిగతా అందరికీ. ఎవరైనా స్క్రీన్ చూపించి "ఇక్కడ మనమూ మనమూ ఆడుకుంటం, కంపెనీకి సంబంధం లేదు" అంటే ఒక్క ప్రశ్న అడగండి. నేను ఈ బటన్ నొక్కితే అటు పక్క డబ్బు పెట్టి ఉన్నదెవరు, పేరు చెప్పు అనండి. షేర్ మార్కెట్‌లో అయితే జవాబు ఎక్కడో కాగితం మీద దొరుకుతుంది. కాలనీలో అయితే జవాబు చెప్పాల్సినవాడు మీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. ఆ ప్రశ్నకు అతను నవ్వేసి మాట మార్చాడంటే, పేరు మీకు తెలిసిపోయినట్టే.